మెట్ల గోడ మీది జిడ్డు

గురువారం పొద్దున వాకిలి ఊడ్చి, చీపురును మెట్ల పక్క గోడకు ఆనించబోయిన సత్తమ్మ చెయ్యి సగంలోనే ఆగింది. మీగడ రంగు వేయించి నిండా మూడు నెలలు కాని గోడ. ఆ గోడ మీద జానెడు వెడల్పున నల్లటి మరక. వేలితో తడిమింది. వేలు అంటుకుంది. బొటనవేలితో రుద్దితే జారింది. అంటుకునేదీ జారేదీ ఒక్కటే ఎట్లా అయిందో ఆమెకు అర్థం కాలేదు గానీ, అది ఎవరి పనో మాత్రం అక్కడికక్కడే తేలిపోయింది. సత్తమ్మ తీరే అంత. ఏం జరిగిందో తెలియడానికి పూట పట్టినా, ఎవరు చేశారో తేల్చడానికి ఆమెకు నిమిషం చాలు.

ఆ మెట్లు పై పోర్షన్‌కు పోయేవి. పైన కిరాయికి ఉండేది ముస్తకీమ్, అతని భార్య జబీన్, ఏడో తరగతి చదివే కూతురు జేబా. ముస్తకీమ్ గడియారం సెంటర్ దగ్గర ఒక బేకరీలో పనిచేస్తాడు. తెల్లవారక ముందే పోయి, పొద్దు గూకినాక వస్తాడు. రోజంతా డాల్డాలో, చక్కెర పాకంలో ఆడే చేతులు. సత్తమ్మ మెట్ల కింద నిలబడి, ఎక్కబోయే మనిషిలా చెయ్యి చాచి చూసింది. చెయ్యి సరిగ్గా మరక మీదే పడింది. ఇంకేం కావాలి? వేలు ముక్కు దగ్గర పెట్టుకుంది. డాల్డా వాసనే అనిపించింది. ముక్కు కూడా మనసు చెప్పిన మాటే వింటుంది కదా.

"ఏంది సత్తక్కా, పొద్దుగాల్నే గోడను ముద్దు పెట్టుకుంటున్నవ్?"

ప్రహరీ అవతల నుంచి పక్కింటి పుష్పమ్మ తల కనబడింది. ఆ తల కనబడిందంటే మధ్యాహ్నానికల్లా సంగతి వీధి చివరి పాలకేంద్రం దాకా పోయినట్టే.

"చూడు పుష్పమ్మా, గోడ ఎట్ల ఖరాబు చేసిండ్రో."

"నేను ముందుగాల్నే చెప్పిన గదా, వాళ్లకు ఇల్లియ్యకని. ఇన్నవా?"

చెప్పిన మాట నిజమే. అట్లాంటి మాటలు విని ఊళ్లో చాలామంది ఇయ్యలేదు కూడా. జబీన్ వాళ్లు మూడు నెలలు నల్గొండ అంతా తిరిగారు. 'టు లెట్' బోర్డు ఉన్న ఇంటి ముందు నిలబడి పేరు చెప్పగానే, "అయ్యో, నిన్ననే ఇచ్చేసినం" అనే మాట ఎన్నిసార్లు విన్నారో లెక్కలేదు. బైపాస్ పక్కన, సగం ఖాళీ ప్లాట్లే ఉన్న ఈ కాలనీలో సత్తమ్మ ఇల్లు దొరికిన రోజు జబీన్ కళ్లనీళ్లు పెట్టుకుంది. జేబా బడి ఇక్కడికి నడిచిపోయేంత దూరం.

సత్తమ్మ కొంగు బొడ్లో దోపి పనిలోకి దిగింది. బకెట్ వేణ్నీళ్లలో నిమ్మకాయ వాసన వచ్చే సర్ఫ్ పోసి, అంట్లు తోమే స్టీలు పీచుతో గోడను రుద్దింది. నురగ నల్లగా కారింది. మురిసిపోయి ఇంకా గట్టిగా రుద్దింది. నీళ్లు కొట్టి చూస్తే, జానెడు మరక మూరెడయింది. మధ్యలో రంగు లేచిపోయి సున్నం కనబడుతోంది.

వేపపుల్ల నములుతూ ఆమె భర్త బీరన్న బయటికి వచ్చాడు. గోడను చూశాడు, భార్యను చూశాడు.

"గంతగనం ఎందుకే రుద్దుడు? గోడే గదా," అన్నాడు.

"గోడే గదానా? నీకేం తెలుస్తది, నువ్వు కట్టినవా?"

నిజానికి ఆయన కట్టిందే. ఆయన గొర్రెలు అమ్మితేనే ఈ ఇల్లు లేచింది. ఆ సంగతి అనకుండా బీరన్న వేపపుల్ల ఉమ్మేసి, చాయ హోటల్ దిక్కు గబగబా నడిచిపోయాడు. సత్తమ్మ ఆయన పోకడను పట్టించుకోలేదు. ఆమె చూపంతా మెట్ల పై చివరనున్న తలుపు మీదే ఉంది.

*

ఆ సాయంత్రం నుంచి ఆమె కాపలా మొదలైంది. ముస్తకీమ్ బండి ఆగిన చప్పుడు కాగానే, తులసికోట దగ్గర పనున్నట్టు నిలబడింది. మనిషి "సలాం అమ్మా" అని, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకొని, గోడకు ఎడంగా మెట్లెక్కిపోయాడు. అంతకుముందు కూడా ఇట్లాగే ఎక్కేవాడా? ఏమో, ఆమె ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు మాత్రం, 'తప్పు చేసినోడు కాబట్టే చేతులు దాచిండు' అనుకుంది. జేబుల్లో పెట్టుకోకుండా గోడను తాకి ఉంటే, 'చూసినవా, నా కండ్ల ముందటనే' అనేది. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనబడుతుంది మరి.

శుక్రవారం పొద్దున జబీన్ కిందికి దిగినప్పుడు అడ్డం నిలబడింది.

"మీ ఇంటాయనకు జర చెప్పు బిడ్డా. చేతులు కడుక్కొని మెట్లెక్కుమను."

"ఆయన బేకరీలనే సబ్బు పెట్టి కడుక్కొని వస్తడమ్మా. జిడ్డు చేతులతోని బండెట్ల నడుపుతడు? హ్యాండిల్ జారదా?" అంది జబీన్. నెమ్మదిగానే అంది గానీ, ముఖం మాడిపోయింది.

ఆ పొద్దున జబీన్ తనే వచ్చి గోడ తుడిచింది. ఏం వాడిందో, ఎట్లా తుడిచిందో సత్తమ్మ చూడలేదు, వంటింట్లో ఉంది. వచ్చి చూస్తే మరక ముప్పాతిక పోయింది. సంతోషించాల్సింది పోయి, ఆమె అనుమానం ఇంకో మెట్టెక్కింది. చేయనిదానివి ఎందుకు తుడిచినట్టు?

అన్నం తిన్నాక ఎప్పటిలాగే టీవీ ముందు చాప వేసుకుంది. సీరియల్ పాట పూర్తి కాకముందే గురక పెట్టింది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా సత్తమ్మ నిద్ర అట్లాంటిది, ఇల్లు ఎత్తుకుపోయినా తెలియదు. ఆ వేళ కాపలా అవసరమనీ ఆమెకు తోచలేదు. ముస్తకీమ్ బేకరీలో ఉంటాడు కదా. దొంగ ఎవరో ముందే తేలిపోయాక, దొంగ లేని వేళ కాపలా ఎవరు కాస్తారు?

రాత్రి చీకట్లో గోడ కనబడలేదు గానీ, శనివారం తెల్లారేసరికి అదే చోట కొత్త మరక.

ఈసారి ఇద్దరూ ఒకేసారి చూశారు. జబీన్ పాలకోసం దిగుతోంది, సత్తమ్మ నీళ్లు చల్లుతోంది. ఇద్దరూ గోడను చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"ఇగ ఇప్పుడేమంటవ్?" అంది సత్తమ్మ.

"నువ్వే చెప్పాలమ్మా. నిన్న నేను నా చేతులతోని సాఫ్ చేసిన. రాత్రి ఆయన గోడ దిక్కు కూడ రాలే, నువ్వే చూసినవ్. మేం పూయలే. మరి కింద ఎవలున్నరు?" జబీన్ అక్కడితో ఆగలేదు. "మమ్ముల వెళ్లగొట్టాలనుంటే సీదా చెప్పు. గోడకు జిడ్డు పూసి మా మీద ఎందుకు పెడ్తవ్?"

సత్తమ్మకు ఒళ్లు భగ్గున మండింది. "నా గోడకు నేను మసి పూసుకుంటనా? నాకేమన్న పిచ్చి లేసిందా? నెలాఖరుకు ఖాళీ చెయ్యుండ్రి. ఇగ మాట లేదు."

పుష్పమ్మ తల ప్రహరీ మీద అప్పటికే ఉంది.

జబీన్ గిరుక్కున తిరిగి పైకి పోయింది. పాలగిన్నె మెట్టు మీదే మరచిపోయింది. కాసేపటికి జేబా వచ్చి, ఎవరి వైపూ చూడకుండా దాన్ని తీసుకుపోయింది.

లోపల బీరన్న ముందు సద్ది అన్నం గిన్నె ఉంది. చేతిలో ముద్ద చేతిలోనే ఉంది.

"ఉండనియ్యరాదే, పిల్ల బడి ఉన్నది," అన్నాడు గిన్నెలోకి చూస్తూ.

"నువ్వు ఊకో."

ఆయన ఊకున్నాడు. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయనకు బాగా అబ్బిన విద్య అదొక్కటే.

*

సోమవారం మధ్యాహ్నం కరెంటు పోయింది. టీవీ లేకపోతే సత్తమ్మకు నిద్ర రాదు. అటూ ఇటూ దొర్లి, లేచి, ఊరికే ఉండలేక గోడ పని పెట్టుకుంది. సర్ఫ్ అయిపోయింది. పాత లుంగీ గుడ్డ తీసుకొని, పొయ్యి మీద కాగిన ఉత్త నీళ్లు చెంబుతో మరక మీద పోసింది.

గోడ మీది నుంచి ఆవిరి లేచి ముఖానికి తగిలింది.

వేడి నీళ్లకు మరక తన వాసన తాను చెప్పుకుంది. డాల్డా కాదు. చేదుగా, మాడినట్టుగా, ముక్కు పుటాలకు పట్టుకునే వాసన. దాని వెనకే తడి ఉన్ని వాసన. కానుగ నూనె. గొర్రెలకు గజ్జి లేస్తే రాసే కానుగ నూనె. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఎన్ని చలికాలాలు ఆ నూనెను చిప్పలో వెచ్చజేసి ఇచ్చిందో! ఆమె చేతులు, చీరలు, బిడ్డల జోల గుడ్డలు కూడా ఆ వాసనే వచ్చేవి.

సత్తమ్మ మెట్ల మీద చతికిలబడింది. అది నాలుగో మెట్టు. వీపు వెనక్కి వాల్చింది. కుడి భుజం గోడకు తగిలి, రవిక అంటుకుంది. తిరిగి చూస్తే భుజం సరిగ్గా మరక మీదుంది. కింద నిలబడినవాడి చెయ్యి పడే చోటే, ఇక్కడ కూర్చున్నవాడి భుజమూ పడుతుంది. ఐదు రోజులుగా ఈ మెట్ల చుట్టూ తిరిగింది, ఒక్కసారి కూర్చొని చూడలేదు.

అక్కడి నుంచి ప్రహరీ అవతల ఖాళీ ప్లాట్లు కనబడుతున్నాయి. తుమ్మ చెట్ల మధ్య, అక్కడే గొర్రెలు మేపుకునే ఐలేశం మంద ఉంది. మంద పక్కన ఒక మనిషి నల్ల గొంగడి భుజాన వేసుకొని, గొర్రెను మోకాళ్ల మధ్య ఇరికించుకొని, చెవి నుంచి తోక దాకా ఎడమచేత్తో నూనె పట్టిస్తున్నాడు. ఎడమచేత్తో పట్టించే మనిషి ఆమెకు తెలిసి ఒక్కడే.

గృహప్రవేశం నాడు పుష్పమ్మ గడపలోనే ఆగి, "ఏంది సత్తక్కా, గొర్ల వాసన వస్తాంది?" అన్నది. ఆ మాటకు సత్తమ్మ ఆ రోజంతా తలెత్తలేదు. మర్నాడే గొంగడి ఎవరికైనా ఇచ్చేయమంది. ఐలేశానికి ఇచ్చేశానని బీరన్న చెప్పాడు. అడిగినవాళ్లకు, "మాది ఎవుసం, పొలం పని" అని చెప్పుకుంటూ వచ్చింది సత్తమ్మ. మరక కడిగినట్టే ఆ బతుకును కూడా కడిగేసుకున్నాననుకుంది.

గంట గడిచాక బీరన్న వెనక గేటు నెట్టుకొని వచ్చాడు. భుజాన గొంగడి ఉంది. తన చోట భార్య కూర్చొని ఉండడం చూసి, గేటు పట్టుకొని నిలబడిపోయాడు.

"ఎన్ని రోజులసంది?" అంది సత్తమ్మ.

"పది రోజులాయె. ఐలేశం గొర్లకు గజ్జి లేసింది. వానికి పట్టిచ్చుడు రాదు."

"గొంగడి ఇచ్చిన అంటివి."

"మోటర్ డబ్బా ఎనక, యూరియా సంచిల పెట్టిన." ఆయన గొంగడి అంచును వేళ్లతో నలుపుతున్నాడు. "పని అయినంక జరసేపు గాడ కూసుంట. గాడ నుంచి మంద కనబడ్తది."

"కూసుంటే కూసున్నవ్. మనుషుల్ని ఇల్లు ఎళ్లగొడ్తుంటే నోరెట్ల రాలేదయ్యా నీకు?"

"నన్ను అడిగినవా? పైవాళ్లను అడిగినవ్, పుష్పమ్మను అడిగినవ్. నన్ను అడగలే." ఆగి, తల దించుకొని మళ్లీ అన్నాడు. "అడిగినా అబద్ధమే చెప్తుంటినేమో. నీకు భయపడ్డ."

ఆ చివరి మాట సత్తమ్మకు ములుకులా దిగింది. లేచి పైకి నడిచింది.

మెట్లెక్కుతూ ఎక్కుతూ ఒక ఉపాయం ఆలోచించుకుంది. మరక ఊసెత్తకుండా, పెద్దమనిషి తరహాలో, 'పిల్ల బడి ఉన్నదంట, ఉండుండ్రి' అంటే సరిపోతుంది. వాళ్లూ సంతోషిస్తారు, ఇంటి గుట్టూ ఇంట్లోనే ఉంటుంది.

తలుపు తీసి ఉంది. జబీన్ నేల మీద కూర్చొని గాజు గిన్నెలను పాత పేపర్లలో చుడుతోంది. వెనక వంటగట్టు కనబడింది. పొయ్యి చుట్టూ తెల్ల టైల్స్, ఒక్క నూనె చుక్క లేదు. సత్తమ్మ తన వంటగట్టును తలుచుకొని చూపు తిప్పుకుంది.

"జబీనూ, ఇగ సర్దకు. పిల్ల బడి ఉన్నదంట గదా. ఉండుండ్రి."

జబీన్ చుట్టడం ఆపలేదు. "మరక ఎవరిదమ్మా?"

"ఏదో... ఇడిచిపెట్టు గా సంగతి."

"నువ్వు ఇడిచిపెడ్తవు. మాకు ఇడువది." ఆమె చేతిలోని గిన్నె కింద పెట్టింది. "మూడో వీధిల ఇల్లు దొరికింది. బయానా పైసలు తీసుకుంటమన్నరు. నిన్న ఫోన్ చేసి వద్దన్నరు. పుష్పమ్మక్కను అడిగిండ్రంట. గోడలకు జిడ్డు పూస్తరు, చెప్తే ఇనరు అన్నదంట. ఇగ ఈ కాలనీల మాకెవలిస్తరు? జేబా బడి మార్చాలె. ఆయన, ఊరు మారుదామంటుండు."

సత్తమ్మ తలుపు పట్టుకొని నిలబడింది. ఉపాయం అక్కడే వీగిపోయింది. అబద్ధమైతే గోడ దూకి వీధంతా తిరిగింది, నిజం మాత్రం ఇంట్లో దాక్కోవాలా? ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"మరక మా ఇంటాయనది," అంది. "గొర్లకు కానుగ నూనె రాసి వచ్చి, గొంగడి మీదేసుకొని ఆనుకుంటుండు. నాకు గిప్పుడే తెలిసింది."

జబీన్ ఆమె ముఖంలోకి చూసింది. నమ్మాలా వద్దా అని తూచుతున్నట్టే ఉంది ఆ చూపు.

"నేను నువ్వే పూసినవనుకున్న," అంది.

"అనుకుంటవు. నేననుకోలేదా?"

"గీ మాట నాకు చెప్తే ఏం ఫాయిదా అమ్మా? విన్నవాళ్లు వేరే ఉన్నరు."

సత్తమ్మ వెనుదిరిగి దిగింది. ప్రహరీ దగ్గరికి పోయి, "పుష్పమ్మా!" అని కేకేసింది. ఊళ్లో ఉన్నప్పుడు మందను మళ్లించడానికి వేసే కేక అది. నగరం నేర్పిన గొంతు కాదు. పుష్పమ్మ చేతిలో గంటెతోనే ఉరికొచ్చింది. ఎదురింటి వాళ్లూ తలుపులు తీశారు.

"మూడో వీధాయనకు ఫోన్ కలుపు. నేను మాట్లాడుత."

"ఏమైంది అక్కా?"

"కలుపు ముందుగాల."

ఫోన్ చేతికొచ్చింది. సత్తమ్మ దాన్ని చెవికి ఆనించుకోకుండా, నోటి ముందు పట్టుకొని మాట్లాడింది. "అన్నా, నేను జబీన్ వాళ్లు కిరాయికుండే ఇంటామెను. మా గోడ ఖరాబు చేసింది మా ఇంటాయన. మేం గొర్లోళ్లం. ఇది గొంగడి జిడ్డు. పైవాళ్లు ఏం చేయలే. వాళ్ల పొయ్యి గట్టు నా దేవునర్ర కంటే సాఫ్‌గుంటది. పుష్పమ్మకు నేను తప్పు చెప్పిన, ఆమె మీకు తప్పు చెప్పింది."

అవతలాయన ఏదో అన్నాడు. సత్తమ్మ "మంచిది" అని ఫోన్ తిరిగిచ్చింది. పుష్పమ్మ గంటె వైపు చూసుకొని లోపలికి పోయింది. గేటు దగ్గర బీరన్న గొంగడిని దాచనూ లేక, మోయనూ లేక అట్లాగే నిలబడి ఉన్నాడు.

"తీగె మీద ఆరెయ్యి," అంది సత్తమ్మ. "వీధి దిక్కు."

తిరిగి చూస్తే జబీన్ మెట్లు దిగుతోంది. ఒక చేతిలో శనగపిండి గిన్నె, ఇంకో చేతిలో పొడిగుడ్డ.

"మూడో వీధాయన ఇల్లు ఇస్తడంట," అంది సత్తమ్మ. చెప్పాల్సిన మాటే గానీ, చెబుతుంటే గుండెలో కలుక్కుమంది. "రేపు రమ్మన్నడు."

"సోంచాయిస్తం. మా ఆయనతోని ఆలోచన చేసి చెప్త," అంది జబీన్.

ముందు తడిని గుడ్డతో అద్దింది. గోడ ఆరేదాకా ఆగి, పిండిని పిడికిలితో తీసి జిడ్డు మీద మెత్తి, అరచేత్తో అదిమింది. "జిడ్డు మీద నీళ్లు పోస్తే పరుగెత్తుతదమ్మా. పొడి పిండి పెడితే తాగుతది. బేకరీల రేకులన్నీ గిట్లనే తుడుస్తరు. గంటసేపు ముట్టద్దు. తర్వాత దులిపి, అంచుల నుంచి లోపలికి తుడవాలె. లోపలి నుంచి బయటికి తుడిస్తే పెద్దగయితది."

"నేను గట్లనే చేసిన," అంది సత్తమ్మ.

"చూసిన."

గంటసేపు ఏం చేయాలో ఇద్దరికీ తెలియలేదు. పొద్దు వాలుతోంది. తుమ్మ చెట్ల దగ్గర ఐలేశం మందను మళ్లిస్తున్నాడు. అలిసిన సత్తమ్మ నాలుగో మెట్టు మీదికి చేరి, గోడకు తగలకుండా ముందుకు వంగి కూర్చుంది.

జబీన్ కింద నిలబడి, చేతుల పిండి దులుపుకుంటూ ఆమెను చూసింది.

"అమ్మా, గీ మెట్లు మేం కిరాయికి తీసుకున్నయి," అంది. గొంతులో కోపం లేదు, కరుణ కూడా లేదు. "నువ్వైనా, పెద్దాయనైనా, కూసునేది ఉంటే మమ్ముల అడిగి కూసోవాలె. మేం ఉన్నన్ని రోజులన్న."

గొంగడి ఆరేస్తున్న బీరన్న చేతులు ఆగాయి. తన ఇంటి మెట్ల మీదే ఇంకొకరిని అడిగి కూర్చోవాలనే మాట సత్తమ్మ నాలుగు రోజుల కింద విని ఉంటే ఏమయ్యేదో ఆయనకు తెలుసు.

సత్తమ్మ లేచింది. చీర వెనక దులుపుకొని, ఒక్కొక్క మెట్టే దిగి, కింద నేల మీద జబీన్ ఎదురుగా నిలబడింది.

"జబీనూ," అంది, "జర కూసోనా?"